వెన్న డబ్బుల నుంచి ఓటు దాకా: ఒరెగాన్ రైతు భార్య అబిగెయిల్ డనివే

మీ అమ్మాయికి స్కూల్లో ప్రాజెక్టు ఇచ్చారు. అమెరికా పడమటి తీరంలోని మన ఒరెగాన్‌ రాష్ట్రానికి వలస వచ్చి పల్లెల్లో స్థిరపడిన ఆడవాళ్ళలో, మహిళల ఓటు హక్కు కోసం పనిచేసిన ఒకరి జీవితం రాయాలి. అబిగెయిల్ స్కాట్ డనివే పేరు దొరికింది గానీ, ఎక్కడ చూసినా గొప్ప నాయకురాలు అని రెండు ముక్కలు రాసి వదిలేశారు అన్నారు. ఆరుగురు పిల్లలున్న రైతు భార్య ఇందులోకి ఎలా వచ్చింది, గెలవడానికి నలభై ఏళ్ళు ఎందుకు పట్టింది, ఆఖరికి ఆమె ఓటు వేసిందా అని అడిగారు. పోస్టర్ మీద ఏం బొమ్మ వెయ్యాలో కూడా అడిగారు. నేను పోర్ట్‌లాండ్ దగ్గర ఒక స్కూల్లో ఇరవై ఏళ్ళకు పైగా సోషల్ చెబుతున్నాను. ఏటా ఈమె గురించి ఒక వారం పాఠాలు ఉంటాయి. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందుగా ఒక సలహా. మీ అమ్మాయిని ఉపన్యాసాలతో, ఎన్నికలతో మొదలుపెట్టనివ్వకండి. అలా మొదలుపెడితే ఈమె ఎప్పటికీ అర్థం కాదు. వంటింట్లోంచి మొదలుపెట్టమనండి. ఆడదానికి ఓటు ఎందుకు కావాలో ఈమెకు నేర్పింది వెన్న డబ్బులూ, ఒక అప్పు నోటూ, ఆ తర్వాత వచ్చిన జప్తూ.

అబిగెయిల్ 1834 అక్టోబర్ 22న ఇల్లినాయ్ రాష్ట్రంలోని ఒక పల్లెలో పుట్టింది. తల్లికి పన్నెండు కాన్పులు. ఆడపిల్ల పుట్టిందని తాను ఎంత ఏడ్చిందో తల్లే ఈమెతో పదో పుట్టినరోజు నాడు చెప్పిందట. మనకు ఈ మాట కొత్త కాదు కదా. మా ఇళ్ళలో కూడా "మళ్ళీ ఆడపిల్లేనా" అన్న మాట నేను చెవులారా విన్నాను. తల్లికి కూతురంటే ఇష్టం లేక అలా అనలేదు. ఆడపుట్టుక పుట్టినందుకు ఏమేం పడాలో ఆ తల్లికి తెలుసు. ఈమెకు బడి చదువు చాలా కొద్దిగానే దొరికింది. పొలం పని మాత్రం చిన్నప్పుడే మొదలైంది.

1852 ఏప్రిల్‌లో తండ్రి జాన్ టక్కర్ స్కాట్ కుటుంబాన్నంతా ఎడ్ల బండ్ల మీద ఒరెగాన్‌కి బయల్దేరదీశాడు. తల్లికి ఆరోగ్యం బాగాలేదు, ఆమెకు ఆ ప్రయాణం ఇష్టమూ లేదు. అయినా నిర్ణయం తండ్రిది. దారి దాదాపు 2,400 మైళ్ళు. పిల్లలందరికీ తలా ఒక పని అప్పగించాడు. పదిహేడేళ్ళ అబిగెయిల్‌కి దక్కిన పని రోజూ డైరీ రాయడం. ఆ ఏడాది బాట పొడవునా కలరా. ఆ డైరీలో రోజుకి ఎన్ని మైళ్ళు నడిచారు, నీళ్ళు, గడ్డి, వంటచెరకు ఎక్కడ దొరికాయి అన్న లెక్కలతోపాటు దారిలో కనిపించిన కొత్త సమాధుల లెక్క కూడా ఉంటుంది. జూన్‌లో ఇప్పటి వయోమింగ్ ప్రాంతంలో తల్లి కలరాతో పోయింది. ఆగస్టులో, ఒరెగాన్‌లోకి అడుగుపెట్టాక, బర్న్ట్ రివర్ దగ్గర చిన్న తమ్ముడు విల్లీ పోయాడు. మా క్లాసులో పిల్లలకు ఈ రెండు రోజుల పేజీలే చదివి వినిపిస్తాను. ఆ తర్వాత కాసేపు ఎవరూ మాట్లాడరు.

ఆ ఏడాది చివర్లో ఒరెగాన్‌లోని విలామెట్ లోయకు చేరారు. మరుసటి ఏడాది కొంతకాలం టీచర్‌గా పనిచేసి, 1853 ఆగస్టులో బెంజమిన్ డనివే అనే యువ రైతును పెళ్ళి చేసుకుంది.

ఇక్కడ భూమి సంగతి ఒకటి తప్పకుండా చెప్పాలి. 1850లో అమెరికా ప్రభుత్వం ఒరెగాన్ కోసం ఒక చట్టం చేసింది. ముందుగా వచ్చిన వలసదారుల్లో పెళ్ళికాని మగవాడికి 320 ఎకరాలు, దంపతులకు 640 ఎకరాలు. అందులో సగం భార్య పేరు మీదే రాసేవారు. ఆలస్యంగా వచ్చినవాళ్ళకు ఇందులో సగం. ఆ రోజుల్లో పెళ్ళైన ఆడదాని పేరు మీద భూమి ఉండటం చాలా అరుదైన సంగతి. కానీ ఆ భూమి ఖాళీగా పడి ఉన్నది కాదు. కాలాపూయా, మొలాలా అనే మూలవాసులు తరతరాలుగా బతుకుతున్న నేల అది. వాళ్ళతో సరైన ఒప్పందాలు ఖాయం కాకముందే వలసదారులకు పంచేశారు. 1855లో ఒప్పందం రాయించుకుని, మరుసటి ఏడాది వాళ్ళను గ్రాండ్ రోండ్ రిజర్వేషన్‌కు, అంటే మూలవాసుల కోసం విడిగా కేటాయించిన ప్రాంతానికి, తరలించారు. అబిగెయిల్ కష్టం నిజం. ఆ కష్టం ఎవరి నేల మీద జరిగిందన్నదీ నిజమే. మీ అమ్మాయి ప్రాజెక్టులో ఈ రెండూ ఉండాలి. మేము స్కూల్లో చాలా ఏళ్ళు మొదటిదే చెప్పి రెండోది వదిలేశాం. అది తప్పు.

మొదట క్లాకమస్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) అడవి కొట్టి సాగులోకి తెచ్చిన పొలం, తర్వాత యామ్‌హిల్ కౌంటీలో లాఫాయెట్ దగ్గర కొనుక్కున్న పొలం. పిల్లలు ఒకరి తర్వాత ఒకరు: 1854లో క్లారా, 1856లో విల్లిస్, 1859లో హ్యూబర్ట్, 1861లో విల్కీ. క్లైడ్, రాల్ఫ్ తర్వాత పుట్టారు. పెళ్ళికాని చుట్టుపక్కల రైతులు భోజనం వేళకు వీళ్ళింటికే వచ్చేవారు. అందరికీ వండి వడ్డించాలి. బట్టలు ఉతకాలి, ఇస్త్రీ చెయ్యాలి, కుట్టాలి. వీటన్నిటి మధ్య ఏడాదికి వేల పౌన్ల వెన్న చిలికి అమ్మకానికి పంపేది. ఆ డబ్బులో ఒక్క పెన్నీ కూడా తనది కాదని, తానొక జీతం లేని పనిమనిషినైపోయానని ముసలితనంలో తన ఆత్మకథలో రాసుకుంది.

ఈ భాగం పాఠం చెప్పేటప్పుడు నాకు మా నానమ్మ కళ్ళ ముందు కనిపిస్తుంది. మాది తెనాలి పక్క పల్లె. రెండు గేదెలు. తెల్లవారకముందే లేచి పేడ తీసి, కుడితి పెట్టి, పాలు పితికి, పాల కేంద్రానికి మోసుకెళ్ళేది నానమ్మ. పాల పుస్తకం మాత్రం తాతయ్య పేరు మీద. పదిహేను రోజులకోసారి బిల్లు తీసుకొచ్చేది తాతయ్య. మా తాతయ్య చెడ్డవాడు కాదు, నానమ్మకు కావలసినవి కొనిచ్చేవాడు. కానీ అడిగి తీసుకోవాలి. ఆ అడగడం దగ్గరే నానమ్మ గొంతు మారిపోయేది. అబిగెయిల్ భర్త బెన్ కూడా మంచివాడే. అందుకే ఈమె కథ నాకు అంత ముఖ్యం. భర్త దుర్మార్గుడైతే "ఆమె ఖర్మ అలాంటిది" అని సర్దుకోవచ్చు. భర్త మంచివాడైనా భార్యకు ఏ రక్షణా లేదంటే, లోపం మనిషిలో లేదు, చట్టంలో ఉంది.

ఇప్పుడు అసలు ఘట్టం. ఆమె ఆత్మకథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన, బాధగా కూడా అనిపించే పేజీ ఇదే.

ఒకరోజు బెన్‌కు తెలిసిన మనిషి ఒకడు ఇంటికొచ్చాడు. అప్పు నోట్ల మీద జామీను సంతకం కావాలి. వడ్డీ నెలకు నూటికి రెండు. మన లెక్కలో సూటిగా చెప్పాలంటే రెండు రూపాయల వడ్డీ. ఆరు నెలలకోసారి వడ్డీ అసలులో కలిసిపోతుంది. అబిగెయిల్ ఆ సమయంలో వంట కోసం బాతు ఈకలు పీకుతోంది. ముందు గదిలో మాటలు చెవిన పడ్డాయి. ఈ సంతకాలు పడితే కొంప మునుగుతుందని ఆమెకు అక్కడే తట్టింది. చట్టం దృష్టిలో తానెవరు అడగడానికి? అయినా చేతులు వణికాయి, ఉండబట్టలేక బాతును పక్కన పెట్టి ముందు గదిలోకి వెళ్ళింది. అప్పటికే రెండు నోట్లు అయిపోయాయి, మూడో నోటు మీద సంతకం నడుస్తోంది. భర్త భుజం మీదుగా వంగి, ఏం చేస్తున్నారో మీకు బాగా తెలుసా అని మెల్లిగా అడిగింది. వచ్చిన మనిషి గుడ్లురిమి చూశాడు. బెన్ మాత్రం నెమ్మదిగానే, నీకేం భయం లేదు, నిన్ను ఎప్పుడూ చూసుకుంటాను కదా అంటూ సంతకం పూర్తి చేశాడు. ఆ చూసుకోవడమేదో నా రెక్కల కష్టంతోనే జరుగుతుంది అనాలనుకుంది. పెదవి కొరుక్కుని వంటింట్లోకి తిరిగొచ్చింది. తర్వాత కొన్ని నిమిషాలు ఆ బాతు ఈకలు తాను మెల్లిగా పీకలేదని కూడా రాసుకుంది.

అప్పు తీసుకున్నవాడు కట్టలేదు. కోర్టు సమన్లు వచ్చిన రోజున బెన్ ఇంట్లో లేడు. ఆ కాగితాలు ఆమె చేతికే ఇచ్చి వెళ్ళారు. దాని గురించి ఆమె రాసినదాని సారాంశం ఇది: అప్పుకు హామీ పెట్టేటప్పుడు నేను చట్టంలో ఒక మనిషినే కాను, నోరెత్తే హక్కు లేదు. అప్పు మీద పడేసరికి మాత్రం భర్తకు చట్టబద్ధమైన ప్రతినిధిని అయిపోయాను. 1862లో పొలం పోయింది. ఆ సంవత్సరమే గుర్రాలు బెదిరి పరుగెత్తడంతో బెన్ బండి కిందపడి నడుము దెబ్బతింది. ఆ తర్వాత ఆయన బరువు పని చెయ్యలేకపోయాడు. నలుగురు చిన్న పిల్లలు, మంచాన పడ్డ భర్త, చేతిలో భూమి లేదు. ఇంక ఇంటి బరువంతా ఆమె మీదే.

మొదట లాఫాయెట్‌లో, తర్వాత ఆల్బనీ పట్నంలో పిల్లలకు చదువు చెప్పింది. ఇంట్లో అద్దెకు ఉండేవాళ్ళకు వండిపెట్టింది. తర్వాత ఆల్బనీలో ఆడవాళ్ళ టోపీలు, బట్టలు కుట్టి అమ్మే దుకాణం తెరిచింది. చేతిలో పెద్దగా డబ్బు లేదు. పోర్ట్‌లాండ్ టోకు వ్యాపారి ఒకరు ఆమె మీద నమ్మకంతో సరుకు అరువు ఇచ్చాడు, ఆమె దాన్ని త్వరగానే తీర్చేసింది.

నా ఉద్దేశంలో ఆమెకు అసలైన బడి ఆ దుకాణమే. టోపీకి కొలత ఇస్తూ, రిబ్బను రంగు చూసుకుంటూ ఆడవాళ్ళు తమ బాధలు చెప్పుకునేవారు. ఒక రైతు భార్య వెన్న అమ్మిన డబ్బులు కూడబెట్టి కూతుళ్ళకు వానకోట్లు కొందామనుకుంది. భర్త ఆ డబ్బు తీసుకుపోయి గుర్రానికి ఖర్చు పెట్టాడు. ఇంకొకామె భర్త ఇంట్లో సామానంతా అమ్ముకుని భార్యను, అయిదుగురు పిల్లల్ని వదిలి పోయాడు. ఆమె ఎవరి దగ్గరో అప్పు తెచ్చి, సామాను కొనుక్కుని, అద్దెవాళ్ళను పెట్టుకుని నిలదొక్కుకుంది. అప్పుడు భర్త తిరిగొచ్చి ఆ సామానంతా చట్టప్రకారం తనదేనన్నాడు, భార్య చేసిన అప్పు తనకు సంబంధం లేదన్నాడు. కోర్టు కూడా అడ్డు చెప్పలేదు. సంసారం చెదిరిపోయింది. ఇలాంటిదే ఒకటి విని వచ్చిన రోజు అబిగెయిల్ ఇంట్లో కుమిలిపోతుంటే, ఓటు వచ్చేదాకా ఆడవాళ్ళ బతుకు బాగుపడదని నీకు తెలియదా అని అన్నది బెన్. పొలం పోగొట్టిన సంతకం చేసిన మనిషే ఆ మాటా అన్నాడు. ఆమె ఈ విషయాన్ని ఎప్పుడూ దాచలేదు, భర్తకు దక్కవలసిన గౌరవం భర్తకు ఇచ్చింది.

1871లో కుటుంబం పోర్ట్‌లాండ్‌కు మారింది. మే 5న ఆమె "న్యూ నార్త్‌వెస్ట్" అనే వారపత్రిక మొదటి సంచిక తెచ్చింది. కొడుకులు అక్షరాలు కూర్చారు, అక్కచెల్లెళ్ళు సాయం చేశారు. పదహారేళ్ళు, 1887 దాకా నడిచింది. అందులో ఓటు గురించిన వ్యాసాలతో పాటు పాఠకుల ఉత్తరాలకు జవాబులు, పంటల ముచ్చట్లు, ఆమె తన ప్రయాణాల గురించి రాసినవి, ఇంకా వారం వారం సీరియల్ నవలలు వచ్చేవి. ఆ నవలల్లో తాగుబోతు భర్తలు, అప్పులు, పొలాల్లో అరిగిపోయిన ఆడవాళ్ళు ఉంటారు. సాహిత్యంగా చూస్తే వాటిలో లోపాలున్నాయి. కానీ పల్లెటూరి ఆడవాళ్ళు వాటి కోసం ఎదురుచూసేవారు, తమ గురించే రాశారనుకునేవారు. అంతకుముందు ఇంకా పొలంలో ఉన్నప్పుడు కూడా వ్యవసాయ పత్రికకు "రైతు భార్య" పేరుతో రాసేది. 1859లో వచ్చిన ఆమె మొదటి నవల, ఒరెగాన్‌లో అచ్చై అమ్మకానికి వచ్చిన మొట్టమొదటి నవల.

అదే 1871 శరదృతువులో, మహిళల ఓటు కోసం దేశమంతా పోరాడుతున్న నాయకురాలు సూసన్ బి. ఆంథనీ తూర్పు నుంచి వచ్చింది. ఆ పర్యటన అంతా ఏర్పాటు చేసింది అబిగెయిల్. ఇద్దరూ గుర్రపు స్టేజ్ బండ్ల మీద, పడవల మీద ఒరెగాన్‌లో, ఉత్తరాన పక్కనే ఉన్న వాషింగ్టన్ ప్రాంతంలో ఊళ్ళు తిరిగారు. ఆ తర్వాత దశాబ్దాల పాటు అబిగెయిల్ ఒంటరిగా తిరిగింది. వానల్లో, బురదలో, ఎక్కడ హాలు దొరికితే అక్కడ, దొరక్కపోతే చర్చిలో, స్కూల్లో మాట్లాడి, పత్రికకు చందాలు రాయించుకుని వచ్చేది. 1879లో జాక్సన్‌విల్ ఊళ్ళో ఆమె మీద కోడిగుడ్లు విసిరారు, బొమ్మ కట్టి తగలబెట్టారు. అక్కడి నుంచి పారిపోకుండా ఆ సంగతంతా తన పత్రికలో రాసింది.

1872 అధ్యక్ష ఎన్నికల రోజున పోర్ట్‌లాండ్‌లో ఆమె, మరో ముగ్గురు ఆడవాళ్ళు వెళ్ళి ఓటు కాగితాలు ఇచ్చారు. ఆ ముగ్గురిలో మేరీ బీటీ అనే నల్లజాతి మహిళ ఒకరు. అధికారి వాళ్ళ కాగితాలు పెట్టెలో వెయ్యకుండా పెట్టె కింద పెట్టాడు. లెక్కించలేదు. ఆమె ఓటు వేసిందా అన్న మీ మూడో ప్రశ్నకు ఇది సగం జవాబు.

ఇప్పుడు నలభై ఏళ్ళ సంగతి. దీనికి ఒక్క కారణం లేదు, నాకు పెద్దవిగా కనిపించేవి చెబుతాను.

ఆడవాళ్ళకు ఓటు ఇవ్వాలా వద్దా అని తేల్చాల్సింది మగ ఓటర్లు. రాజ్యాంగం మార్చాలంటే శాసనసభ ఒప్పుకున్నా చాలదు, ప్రజా ఓటింగ్‌లో నెగ్గాలి. ఒరెగాన్‌లో ఈ ప్రశ్న ఆరుసార్లు ఓటింగ్‌కు వచ్చింది.  1884లో అనుకూలంగా 11,223, వ్యతిరేకంగా 28,176. 1900లో 26,265, 28,402. అంటే కేవలం 2,137 ఓట్ల తేడా. అప్పుడు చాలా కౌంటీలు అనుకూలంగానే ఉన్నాయి. దెబ్బ తగిలింది పోర్ట్‌లాండ్ దగ్గర. 1902లో ప్రజలే సంతకాలు సేకరించి ఒక ప్రతిపాదనను నేరుగా ఓటింగ్‌కు తెచ్చే పద్ధతి వచ్చింది. దాంతో 1906, 1908, 1910ల్లో మళ్ళీ మళ్ళీ ప్రయత్నించారు. మూడుసార్లూ ఓడిపోయారు, తేడా అంతకంతకూ పెరిగింది.

రెండో కారణం సొంత ఇంట్లోనే ఉంది. ఒరెగాన్‌లో అన్నిటికన్నా పెద్ద పత్రిక "ఒరెగోనియన్". దాని సంపాదకుడు హార్వీ స్కాట్ ఆమె తమ్ముడే. కలరా బాటలో పక్క బండిలో నడిచిన తమ్ముడు. అతను మహిళల ఓటుకు వ్యతిరేకి. 1900 ఓటమికి అతని రాతలే కారణమని అక్క జీవితాంతం నమ్మింది. ఇద్దరికీ రాకపోకలు పూర్తిగా తెగిపోలేదు గానీ ఆ గాయం మానలేదు.

మూడోది సారా. ఆ రోజుల్లో ఓటు అడిగే ఆడవాళ్ళలో చాలామంది మద్యనిషేధం కూడా కావాలనేవారు. తాగుడు వల్ల సంసారాలు పాడవడం అబిగెయిల్ కళ్ళారా చూసింది, నవలల్లో రాసింది. అయినా ఓటునూ మద్యనిషేధాన్నీ ముడిపెట్టొద్దని గట్టిగా వాదించింది. ఆడవాళ్ళకు ఓటొస్తే సారా దుకాణాలు మూతపడతాయని ప్రచారం జరిగితే, ఆ వ్యాపారులు డబ్బు కుమ్మరించి ఓడిస్తారన్నది ఆమె భయం. ఈ విషయంలో ఆమెకు మద్యనిషేధ సంఘాల వాళ్ళతో పడేది కాదు. వాళ్ళు ఆమెను సారా వ్యాపారుల మనిషి అని కూడా ఆడిపోసుకున్నారు. ఆ ఒక్క విషయంలో ఆమె లెక్కే సరైనదని నేను అనుకుంటాను.

నాలుగో కారణం ఆమే. ఇది చెప్పడానికి నాకు కష్టంగానే ఉంది, కానీ చెప్పకపోతే మీ అమ్మాయికి సగం మనిషే తెలుస్తుంది. ఆమె పద్ధతి నిశ్శబ్దంగా పనిచేయడం. పెద్ద ఊరేగింపులు, ఆర్భాటం పెడితే వ్యతిరేకులు మేలుకుంటారు కాబట్టి, పలుకుబడి ఉన్న మగవాళ్ళను ఒక్కొక్కరినీ కలిసి ఒప్పించాలి అనేది. 1906లో తూర్పు నుంచి మహిళల ఓటు హక్కు జాతీయ సంఘం వాళ్ళు వచ్చి ప్రచారం తమ చేతుల్లోకి తీసుకుంటే వాళ్ళతో పెద్ద గొడవైంది. ఎవరైనా వేరే పద్ధతి అంటే ఒప్పుకునేది కాదు, మాట పడనిచ్చేది కాదు. 1910లో పన్ను కట్టే ఆడవాళ్ళకే ఓటు అన్న ప్రతిపాదన పెట్టారు. ఆస్తి లేని ఆడవాళ్ళను పక్కన పెట్టే ఆ ప్రతిపాదన ఘోరంగా ఓడింది. వెన్న డబ్బుల్లో ఒక్క పెన్నీ కూడా తనది కాదని ఏడ్చిన మనిషి ఆ ప్రతిపాదనకు ఎలా ఒప్పుకుందో నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఓటమి తప్ప ఏమీ జరగలేదని అనుకోవద్దు. మధ్యలో చట్టాలు మారాయి. వ్యాపారం చేసుకునే పెళ్ళైన ఆడవాళ్ళ సరుకును భర్త అప్పులవాళ్ళు జప్తు చెయ్యకుండా 1872లో ఒరెగాన్‌లో ఒక చట్టం వచ్చింది. 1878లో పెళ్ళైన ఆడవాళ్ళ ఆస్తి హక్కుల చట్టం వచ్చింది. ఈమె శాసనసభ చుట్టూ తిరిగిన కాళ్ళు ఊరికే పోలేదు. పొలం పోగొట్టుకున్న మనిషి మొదట అడిగింది కూడా ఇదే కదా. వాషింగ్టన్ ప్రాంతంలో 1883లో ఆడవాళ్ళకు ఓటొచ్చింది, ఆమె అప్పుడు అక్కడే ఉండి పనిచేసింది. 1887లో కోర్టు దాన్ని కొట్టేసింది. పత్రిక అమ్మేశాక కుటుంబం కొన్నాళ్ళు ఐడహోలో పశువుల రాంచ్ పెట్టుకుంది. ఐడహోలో కూడా ఆమె రాజ్యాంగ సభ ముందు మాట్లాడింది, అక్కడ 1896లో ఓటొచ్చింది. పక్క రాష్ట్రాలు ఒక్కొక్కటీ దాటిపోతుంటే సొంత రాష్ట్రం వెనకబడి ఉండటం ఆమెకు ఎంత గుచ్చుకుని ఉంటుందో. ఆ మధ్యే 1886లో ఒక్కగానొక్క కూతురు క్లారా క్షయతో పోయింది. 1896లో బెన్ పోయాడు.

1910లో వాషింగ్టన్, 1911లో కాలిఫోర్నియా ఓటిచ్చాయి. 1912లో ఒరెగాన్ ఆరోసారి దిగింది. అప్పటికి అబిగెయిల్‌కు 78 ఏళ్ళు దగ్గరపడ్డాయి, ఏడాదిలో ఎక్కువ భాగం మంచం మీదే. ప్రచారం నడిపింది కొత్త తరం. డాక్టర్ ఎస్తర్ పోల్ లవ్‌జాయ్ లాంటివాళ్ళు కార్లు, కరపత్రాలు, బహిరంగ సభలు, ఎన్ని రకాల సంఘాలు వీలైతే అన్నీ కలుపుకున్నారు. హాటీ రెడ్మండ్ నాయకత్వంలో నల్లజాతి మహిళల సంఘం ఉంది, చైనా మహిళలు కూడా కదిలారు. అంటే అబిగెయిల్ వద్దన్న పద్ధతే. నవంబర్ 5న 61,265 అనుకూలం, 57,104 వ్యతిరేకం. గెలిచారు. ఆమె నాటిన చెట్టు ఆమె వద్దన్న నీళ్ళతోనే కాసింది. నాటింది ఆమే, అందులో మాత్రం ఎవరికీ అనుమానం లేదు. గవర్నర్ ఆస్వాల్డ్ వెస్ట్ ఆడవాళ్ళకు ఓటొచ్చిందన్న అధికారిక ప్రకటనను ఆమె చేతే రాయించాడు, నవంబర్ 30న ఇద్దరూ సంతకాలు చేశారు. సంతకం ఆపలేని ఆ బాతు రోజు నుంచి ఈ సంతకం దాకా యాభై ఏళ్ళు.

ఇక మీ మూడో ప్రశ్నలో మిగిలిన సగం. 1913లో పోర్ట్‌లాండ్ ఉన్న మల్ట్‌నోమా కౌంటీలో ఓటరుగా నమోదైన మొదటి మహిళ ఆమే. తర్వాత ఓటు కూడా వేసింది. 1915 అక్టోబర్ 11న చనిపోయింది. పోర్ట్‌లాండ్‌లోని రివర్ వ్యూ శ్మశానంలో సమాధి ఉంది.

1912 గెలుపు అందరిదీ కాదన్నది మన పిల్లలకు ప్రత్యేకంగా చెప్పాలి. మూలవాసుల్లో చాలామందికి 1924 దాకా పౌరసత్వమే లేదు. చైనా నుంచి వచ్చినవాళ్ళకు 1943 దాకా పౌరులయ్యే దారి లేదు. మన సంగతి మరీ దగ్గరిది. భగత్ సింగ్ థిండ్ అనే పంజాబీ ఇక్కడే ఒరెగాన్‌లో 1920లో పౌరసత్వం తెచ్చుకున్నాడు. 1923లో సుప్రీం కోర్టు, భారతీయులు తెల్లవాళ్ళు కారు కాబట్టి పౌరులు కాలేరని తీర్పు చెప్పింది. ఆ తలుపు మళ్ళీ తెరుచుకుంది 1946లో. ఆ మధ్య కాలంలో ఇక్కడికి ఒక తెలుగు ఆడపడుచు వచ్చి ఉంటే అబిగెయిల్ తెచ్చిన ఓటు ఆమెకు పనికొచ్చేది కాదు. పోర్ట్‌లాండ్ పక్కనున్న బీవర్టన్, హిల్స్‌బరోల్లో ఈ రోజు మనవాళ్ళు ఇంతమంది ఉన్నారు, ఓటేస్తున్నారు. ఈ తేదీలు మన పిల్లలకు తెలియాలి.

ప్రాజెక్టు పోస్టర్ గురించి అడిగారు కదా. ఓటు పెట్టె బొమ్మ అందరూ వేస్తారు. మీ అమ్మాయిని మధ్యలో వెన్న చిలికే పీపా బొమ్మ వెయ్యమనండి, ఒక పక్క మూడు అప్పు నోట్లు, ఇంకో పక్క 1912 ప్రకటన. ఆత్మకథను ఆమె ఎనభైకి చేరువలో రాసిందని గుర్తు పెట్టుకోండి. అందులో వ్యతిరేకుల గురించి రాసినవన్నీ ఆమె వైపు మాటలే. పదిహేడేళ్ళ డైరీని దాని పక్కన పెట్టుకుని చదివితే చాలా తెలుస్తుంది. "న్యూ నార్త్‌వెస్ట్" పాత సంచికలు యూనివర్సిటీ ఆఫ్ ఒరెగాన్ వాళ్ళ పాత పత్రికల వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. 1871 మే 5 సంచికతో మొదలుపెట్టండి. అక్షరాలు బాగా చిన్నవి, జూమ్ చేసుకోవాలి. ఏప్రిల్ నెలాఖరు, మే మొదట్లో అయితే ఊళ్ళో డనివే పార్కుకి కూడా తీసుకెళ్ళండి, అక్కడి లైలాక్ తోట పూత మీద ఉంటుంది. ఎక్కడైనా ఆగిపోతే ఇక్కడే అడగమనండి, చూసి చెబుతాను.